ఫ్లెక్సీ వెనకవైపు

పొద్దున్నే టర్పెంటాయిలుతో చేతులు కడుక్కుని
అదే చేతుల్తో సంగటి ముద్ద తుంచుతా.
ముందు ఊరిబిండి కారం,
ఆ వెనకే ఎనామిల్ వాసన.
"ముద్దకి కూడా ఒక కోటు కొట్టినట్టుండావే" అంటాది భువనేశ్వరి.
నవ్వదు. పల్పు ఫ్యాక్టరీకి టైమైపోతా ఉంటాది.
జూన్ నెల. బెంగుళూరా కాయల లారీలు
గేటు కాడ్నించి మెయిన్ రోడ్డు దాకా.

ఈ మూణ్ణెల్లలో ఏం చేసినావంటే చెప్తా.
గంగాసాగరం కాడ అంగన్వాడీ గోడ.
టీచరమ్మ ఏనుగుని వెయ్యమనింది,
పిలకాయలు జేసీబీ కావాలన్నారు.
ఏనుగు తొండం చివర బకెట్టు తగిలించినా.
టీచరమ్మ వారం మాట్లాడలా.
పిలకాయలు ఇప్పటికీ ఆ గోడకానుకునే బువ్వ తింటారు.

ఖాదర్‌బాషా లారీకి వెనక డోరు మీద రెండు చిలకలు.
సగం డబ్బులిచ్చి
మిగతాది కోయంబత్తూరు నించి వచ్చినాక అన్నాడు.
లారీ రెండుతూర్లు నా ముందే పోయింది.
డ్రైవరు అటు చూసినాడు గానీ
చిలకలు మాత్రం నన్నే చూస్తా పోయినాయి.

నరహరిపేట చెక్‌పోస్టు కాడ పరోటా అంగడి.
బోర్డు మీద సగం తెలుగు, సగం తమిళం.
తమిళం నాకు రాదు. గీస్తా, అంతే.
చదవలేని భాషకి ముప్పై ఏండ్లుగా
వంకీలు తిప్పతా ఉండా.
నిచ్చెన దిగేసరికి ఒక పాప,
యూనిఫాం, భుజాన సంచి,
తలెత్తి చూసి "పుళ్ళి పెట్టలే" అనింది.
"యాడ?"
"ఆ కడపటి అక్షరం మీద. చుక్క లేకుంటే
అది నోరు మూసుకోదు మామా,
అ... అని సాగతానే ఉంటాది."
ఓహో, మన పొల్లే కదా!
మళ్లీ ఎక్కినా. రెండో నంబరు బ్రష్షు,
నల్లరంగు, ఒక్క బొట్టు.
పరోటా అంగడి నోరు మూసుకుంది.
పది రూపాయలిస్తే పాప తీసుకోలా.
బండి మీద ఇంటికొస్తా దావంతా లెక్క పెట్టుకున్నా,
నా వల్ల ఎన్ని అంగళ్లు
ఇన్నేండ్లుగా నోరు తెరుచుకుని ఉండాయో.

భుజం నొప్పికి డాక్టరు
చెయ్యి పైకెత్తొద్దన్నాడు.
ఎత్తకుండా చేసే పనేదో చెప్పమన్నా.
ఆయన కిటికీలోంచి బయటికి చూసినాడు.
క్లినిక్కు బోర్డు ఫ్లెక్సీ, లోపల లైటు.
ఇద్దరమూ కాసేపు ఏం మాట్లాడలా.

రాత్రి పని వేరే. దానికి డబ్బులిచ్చేవాడు లేడు,
గడువు పెట్టేవాడూ లేడు.
ఎలక్షన్లైనాక, పుట్టినరోజులైనాక
చింపి పారేసిన ఫ్లెక్సీలు
మొగిలప్ప ఆటోలో వేసుకొస్తాడు.
వెనకవైపు తెల్లగా, ఎవరూ ముట్టని గోడ మాదిరి.
ప్రైమరు రెండు కోట్లు కొడితే గానీ రంగు నిలవదు.
నా కూడు తినేసింది ఇదే అని తెలుసు.
అయినా గుడ్డకంటే ఇదే చవక,
ఇంకేం చేస్తా.

ఇప్పుడు వేస్తా ఉండేది భువనేశ్వరిని.
ఫ్యాక్టరీ నించి వచ్చి, చెప్పులిడిచి,
మెట్టు మీద కూలబడి,
మోచేతుల దాకా ఆ పసుప్పచ్చ.
అది ఏ డబ్బాలోనూ దొరకదు.
క్రోమ్ ఎల్లో మరీ అరస్తాది,
ఆకర్ వేస్తే జబ్బు మనిషైపోతాది.
మూడు రాత్రులు కలిపినా.
నిన్న ఆమే వచ్చి
కడగని వేలు బొమ్మ మోచేతికి రాసి
"ఇదీ" అనింది.
"అది రంగు కాదే, రసం. చీమలు పడతాయి."
"పట్టనీ. నన్ను మాత్రం వదిలిపెడతా ఉండాయా?"

బొమ్మని కిటికీకి ఆనించి పెట్టినా.
ఎండ వెనకనించి తగిలితే
ముందువైపు ఎవరో నాయకుడి పండ్లు
ఆమె బుగ్గలోంచి బయటికొస్తాయి.
నవ్వని మనిషి,
తొమ్మిదినించి పది దాకా
ఎవరివో పండ్లతో నవ్వతా ఉంటాది.
మోచేతి కాడ అప్పుడే నాలుగు చీమలు.

మూడో కోటు కొడదామా వద్దా అని
బ్రష్షు తడిపి
కూచోనుండా.